గ్రంథములు లేని విద్యాపీఠము



అలమారునిండ పుస్తకములున్నచోట పుస్తకపు విలువ తెలియదు. అవి దాదాపు లేనిచోట పాఠము చెప్పవలసివచ్చిన ఒక ఉపాధ్యాయుని దినచర్యను పరికించినచో ఆ విలువ చక్కగా బోధపడును. ఆయన ఆంగ్లేయుడు; పాఠము చెప్పినది చీనా దేశమున; పేరు విలియం ఎంప్సన్.

ఎంప్సన్ 1906లో ఇంగ్లండునందలి యార్క్‌షైరులో జన్మించెను. కేంబ్రిడ్జిలో చదివి, 1930లో, ఇరువదినాలుగేండ్ల ప్రాయముననే, కవిత్వమునందలి అర్థభేదములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించి పండితుల మన్నన పొందెను. జపానులో మూడేండ్లు ఆంగ్లము బోధించెను. పిమ్మట 1937లో పెకింగు విశ్వవిద్యాలయమున ఉద్యోగము లభింపగా, రష్యా మీదుగా రైలులో పయనమయ్యెను. నేడు బీజింగు అని పిలువబడుచున్న నగరమే పెకింగు.

కాని ఆయన వచ్చునప్పటికి విశ్వవిద్యాలయమునకే నిలువనీడ లేకుండెను. ఆ యేడు జూలై 7వ తేదీన పెకింగు చెంత చీనా జపానుల నడుమ యుద్ధము రేగెను. నగరము జపానువారి వశమయ్యెను. టియెన్‌ట్సిన్ నగరమందలి నాన్‌కై విశ్వవిద్యాలయము బాంబుల పాలయ్యెను. దాని గ్రంథాలయమును నాశనమయ్యెను. అంతట పెకింగు, చింగ్‌హువా, నాన్‌కై విశ్వవిద్యాలయములు మూడును ఏకమై దక్షిణమున హునాన్ రాష్ట్రమందలి చాంగ్‌షా నగరమునకు తరలిపోయెను. అచట చోటు చాలనందున సాహిత్యశాఖను నాన్‌యుయే అను పుణ్యక్షేత్రమునకు, కొండల నడుమకు పంపిరి.

ఎంప్సన్ మకాము ఆ కొండలలోనే. చిన్ యుయేలిన్ అను తర్కశాస్త్ర పండితుడును ఆయనయు ఒకే గదిలో కాపురముండిరి. ఎంప్సన్‌కు చీనా భాష రాదనియే చెప్పవలెను. అమెరికాలో చదివివచ్చిన చిన్ పండితునకు ఆంగ్లము కరతలామలకము. కావున మాటకు లోటు లేదు. లోటెల్ల పుస్తకములకే. గ్రంథరాశిలో చాలభాగము వెనుకనే నిలిచిపోయెను. షేక్స్పియరును, ఆంగ్లకవులను బోధింపవలెను. విద్యార్థుల చేతులలో ప్రతులు లేవు.

ఎంప్సన్ వెనుదీయలేదు. తనకు కంఠస్థమైన పద్యములను జ్ఞప్తికి తెచ్చుకొని, టైపుయంత్రముపై కొట్టి, విద్యార్థులకు పాఠముగా ఒసగెను. ఆయన మాట వడిగలది. విద్యార్థుల చెవులకు సులభముగా అందునది కాదు. అందుచే నల్లబల్లపై విస్తారముగా వ్రాయుచుండెడివాడు. ఒథెల్లో నాటకమునెల్ల ఆయన జ్ఞాపకమునుండి వ్రాసియిచ్చెనని విద్యార్థులలో ఒక కథ పుట్టెను. అందు అతిశయోక్తి ఎంతయున్నను, ధారణబలముతోనే పాఠములు సాగెననుట మాత్రము సత్యము. తెలుగునాట వీధిబడులలో శతకములు కంఠస్థము చేసిన పెద్దలకు ఇది వింతగా తోచదు.

యుద్ధము సమీపించుటచే 1938లో విశ్వవిద్యాలయము మరల కదలెను. దాదాపు మూడువందలమంది విద్యార్థులు, కొందరు ఉపాధ్యాయులు సుమారు 1,600 కిలోమీటర్లు ప్రయాణము చేసి, అందు చాలభాగము కాలినడకనే సాగించి, యునాన్ రాష్ట్రమందలి కున్‌మింగు చేరిరి. ఎంప్సన్ వేరు మార్గమున పోయి, మొదట మెంగ్‌ట్జు పట్టణమునను, పిదప కున్‌మింగునను పాఠములు చెప్పెను. ఆ విద్యాపీఠమునకు నైరుతి సంయుక్త విశ్వవిద్యాలయమని పేరు. తరువాత కట్టుకొన్న వసతిగృహములకు మట్టిగోడలు, గడ్డికప్పు. శత్రువిమానములు వచ్చినపుడెల్ల పాఠము విడిచి పరుగెత్తవలసినదే.

1939లో ఎంప్సన్ చీనాను వీడెను. ఆయన పాఠము విన్న ము దాన్ తరువాత ప్రసిద్ధకవి యయ్యెను. వాంగ్ త్సువోలియాంగ్ ఆంగ్లసాహిత్య పండితుడయ్యెను. 1938లో ఆ పీఠమున విద్యార్థిగా చేరిన యాంగ్ చెన్‌నింగ్ భౌతికశాస్త్రమున 1957 నోబెల్ బహుమానము నందుకొన్నవారిలో ఒకడు. 1946లో మూడు విశ్వవిద్యాలయములును స్వస్థానములకు మరలెను. ఎంప్సన్ సైతము 1947లో భార్యాబిడ్డలతో పెకింగుకు తిరిగివచ్చి, నగర ముట్టడిని, రాజ్యపరివర్తనమును కన్నులార చూచి, 1952 వరకు బోధించెను. ఆయన 1984లో పరమపదించెను.

ఈ కథవిని, ధారణ యున్నచో గ్రంథాలయ మెందులకని ఎవరైనను ప్రశ్నింపవచ్చును. ఎంప్సన్ జీవితమే దానికి సమాధానము. అంతటి ధారణాశాలి కూడ తన గ్రంథములలో కవుల పంక్తులను తప్పుగా ఉదాహరించెనని విమర్శకులు పలుచోట్ల చూపిరి. పుస్తకము తెరువక జ్ఞాపకమునే నమ్ముట దానికి కారణము. తప్పును దిద్దుటకు మూలప్రతి కావలెను; ఆ ప్రతిని భద్రపరచు చోటు కావలెను. ఇంతకును, ఆ కొండలలో ఆయన పంచిపెట్టిన పద్యములు ఎచటినుండి వచ్చినవి? పూర్వము పుస్తకముల ముందు కూర్చుండి చదివిన దినములనుండియే గదా!

కావున అలమారులో నున్న గ్రంథమునకు అగ్నిభయము, చెదలుభయము కలవు. హృదయములో నున్న గ్రంథమునకు మరపుభయము కలదు. రెండును ఒకదానినొకటి కాపాడుకొనవలెను. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమున పుస్తకములను కాపాడినవారు ధన్యులు. ఇక వానిని ఇంటికి గొనిపోయి, చదివి, నాలుగు పద్యములైనను మనసున నిలుపుకొని, చిరుగకుండ తిరిగి తెచ్చియిచ్చు భారము పాఠకులది. అట్లు చేసిననాడే ఈ రజతోత్సవము సార్థకము.