ఆపరేషన్ అయినదానికి నెల తప్పితే

(కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

గర్భం తొలి లక్షణాల గురించీ, స్త్రీలకు సాధారణంగా వచ్చే లైంగిక ఆరోగ్య సమస్యల గురించీ నన్ను మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను. సమాజశాస్త్రం చదువుకుని, ఊళ్లలో స్త్రీలు చెప్పింది రాసుకుంటూ వచ్చినదాన్ని. లక్షణాలు మీకు తెలిసినవే. నెల తప్పటం, వేవిళ్లు, రొమ్ములు బరువెక్కి సలపటం, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావటం, నీరసం. వీటిలో ఏ ఒక్కటీ ఆడవాళ్లకు కొత్త సంగతి కాదు. తెలిసి కూడా పైకి అనలేని పరిస్థితి ఎందుకొస్తుందన్నదే నా ప్రశ్న.

మెదక్ జిల్లాలో ఒకామె నాతో చెప్పిన సంగతి ఇది. ఇద్దరు పిల్లలు పుట్టాక ఇరవై నాలుగేళ్లకే ఆపరేషన్ చేయించుకుంది. ఆరేళ్ల తర్వాత నెల తప్పింది. రెండో నెలా రాలేదు. పోపు వాసనకి కడుపులో తిప్పేది. మొదటి ఇద్దరికీ ఇట్లాగే మొదలైంది కాబట్టి తనకు అర్థమైంది. అత్త పైత్యం అంది. ఈమె అవునంది. ఆపరేషన్ అయినదానికి కడుపొచ్చిందంటే ఊళ్లో పుట్టే మొదటి మాటేమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఒకరోజు నాట్లేస్తుంటే పొత్తికడుపులో ఒక పక్క నొప్పి వచ్చింది, కొంచెం రక్తం కనిపించింది. “నెత్తురు కనవడంగనే దేవునికి దండం పెట్టుకున్న అక్కా, ముట్టయిన అనుకున్న” అంది. సాయంత్రానికి గట్టు మీద కళ్లు తిరిగి పడిపోయింది. గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో నిలిచింది. ఆ ట్యూబు పగిలింది. పట్నం చేర్చేసరికి కడుపులో అంతా రక్తం. బతికింది. స్పృహ వచ్చాక భర్త అడిగిన మొదటి మాట “ఎవరిది?”

ఆపరేషన్ చేసిన రోజు, ఇది అరుదుగా విఫలం కావచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలి, అది ఆమె హక్కు. అమెరికాలో పదివేల మందికి పైగా స్త్రీలను ఏళ్ల తరబడి పరిశీలించి 1996లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం పదేళ్లలో ప్రతి వెయ్యి ఆపరేషన్లకు 18కి పైగా గర్భాలు వచ్చాయి. వాటిలో దాదాపు మూడో వంతు గర్భసంచికి బయట నిలిచినవే. కనుక ఆపరేషన్ అయిన స్త్రీకి నెల తప్పితే మిగతావాళ్లకంటే ముందు పరీక్ష చేయించాలి. ఒక పక్క పొత్తికడుపు నొప్పి, కళ్లు తిరగటం, భుజం కొన దగ్గర నొప్పి, కొద్దిగా రక్తం – వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చెయ్యండి.

పరీక్ష కష్టమైనదేమీ కాదు. ఆశా కార్యకర్త దగ్గర నిశ్చయ్ కిట్ ఉచితంగా దొరకాలి. నెల తప్పాక పొద్దున మొదటి మూత్రం రెండు మూడు చుక్కలు వేసి అయిదు నిమిషాలు చూస్తే చాలు. రెండు గీతలొస్తే గర్భం. ఒకటే వచ్చి, ముట్టు ఇంకా రాకపోతే వారం తర్వాత మళ్లీ చెయ్యాలి. అయితే గర్భం ఎక్కడ నిలిచిందో ఈ గీతలు చెప్పవు. మందుల షాపులో గర్భం పోయే మాత్రలు కొనుక్కుని వేసుకుంటే ట్యూబులోని గర్భం పోదు. రక్తం కనబడటంతో పోయిందనుకుని నిశ్చింతగా ఉండటం మరీ ప్రమాదం.

బాలింతల సంగతీ ఇంతే. బిడ్డ పాలు తాగుతున్నన్నాళ్లూ గర్భం రాదనుకుంటారు. ఆరు నెలలు దాటినా, పైపాలు మొదలుపెట్టినా ఆ రక్షణ నమ్మదగ్గది కాదు. ముట్టు తిరిగి రాకముందే అండం విడుదలవుతుంది కాబట్టి, తప్పటానికి నెలంటూ లేకుండానే గర్భం రావచ్చు.

ఇక చట్టం. గర్భనిరోధక పద్ధతి విఫలమై గర్భం వస్తే తీయించుకోవచ్చని 1971 చట్టమే చెప్పింది, కాని పెళ్లయిన స్త్రీకి మాత్రమే. 2021 సవరణతో ఆ మాట “ఏ స్త్రీ అయినా” అని మారింది. 20 వారాల లోపు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి తప్ప ఎవరి సంతకమూ అక్కర్లేదు. భర్త సంతకం తెమ్మనే ఆసుపత్రులకు ఈ సంగతి తెలియదని నేను నమ్మను.

తెల్లబట్ట గురించి ప్రతి మీటింగులోనూ అడుగుతారు. వేడి చేసిందంటారు, బలహీనత అంటారు. నెల మధ్యలో గుడ్డు తెల్లసొనలా సాగేది సహజమే. పెరుగు విరిగినట్టుండి దురద పెట్టినా, దుర్వాసన వచ్చినా, రంగు మారినా చికిత్స కావాలి. కొన్నిటికి భర్త కూడా మందు వాడకపోతే ఈమెకు తగ్గదు. కలయిక తర్వాత గాని, ముట్లు ఆగిపోయాక గాని రక్తం కనిపిస్తే డాక్టరుకు చూపించుకోవటం వాయిదా వెయ్యకూడదు. గడ్చిరోలిలో రాణీ బంగ్, అభయ్ బంగ్ రెండు గ్రామాల్లో చేసిన అధ్యయనం 1989లో అచ్చయింది. అందులో 92 శాతం స్త్రీలకు ఏదో ఒక స్త్రీవ్యాధి ఉంది. అంతకు ముందు పరీక్ష చేయించుకున్నవాళ్లు 8 శాతమే.

మన దగ్గర తెల్లబట్టకు మందు బదులు గర్భసంచే తీసేస్తున్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలో 3 శాతం ఉంటే ఆంధ్రలో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8. క్యాన్సరొస్తుందని భయపెడితే ఎవరు కాదంటారు?

మళ్లీ ఆమె దగ్గరికి వస్తాను. ఆపరేషన్ విఫలమైతే ప్రభుత్వ పరిహారం ఉంది. తెలిసిన 90 రోజుల్లో, ఆపరేషన్ సర్టిఫికెట్ జతచేసి అడగాలి. మేం కలిసేసరికి గడువు దాటిపోయింది. ఆమె డబ్బు మాటే ఎత్తలేదు. “తప్పు నాది కాదని ఒక కాయితం మీద రాయించిస్తరా?” అంది. డాక్టరు చేత తెలుగులోనే రాయించాం. భర్త చదివి ఏమీ అనలేదట.

మీ ఊరి రిజిస్టర్లలో ఆపరేషన్ అయినవాళ్లను నెలనెలా పలకరించే గడి ఉండదు. ఈసారి వెళ్లినప్పుడు వాళ్లనీ కలవండి. సర్టిఫికెట్ ఇచ్చారా, ఎక్కడ పెట్టుకున్నారు అని అడగండి. అడిగేటప్పుడు అత్తగారు పక్కన లేకుండా చూసుకోండి.