పొద్దుపోవడం లేదా?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగరోజు. పెన్షను యజమాని దయతో ఇచ్చే బహుమానం కాదు, ఉద్యోగి హక్కు అని 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు పుణ్యమా అని మనకు అన్నానికి లోటు లేదు. అయితే అన్నం తిన్నాక సాయంత్రం దాకా ఏం చేయాలో ఏ కోర్టూ చెప్పలేదు. నాకు తోచిన నాలుగు మాటలు దాని గురించే.

"బోరు కొడుతోంది" అంటారు మన మనవలు. మా మెట్ట పల్లెల్లో బోరు కొడితే నీళ్ళొచ్చేవి. ఈ బోరు ఎంత కొట్టినా చుక్క రాదు! మన పెద్దలు "తోచడం లేదు", "పొద్దుపోవడం లేదు" అనేవారు. తోచీ తోచనమ్మ తోటికోడలి పుట్టింటికి వెళ్ళిందని సామెత ఉండనే ఉంది. కనుక ఇది కొత్త జబ్బు కాదు.

జర్మన్ తత్వవేత్త హైడెగర్ 1929-30లో విశ్వవిద్యాలయంలో దీనిమీదే పాఠాలు చెప్పాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ ఒక చిన్న రైల్వే స్టేషను. బండికి ఇంకా నాలుగు గంటలుంది. మనిషి టైంటేబుల్ చూస్తాడు, అటూ ఇటూ తిరుగుతాడు, చెట్లు లెక్కపెడతాడు, మాటిమాటికీ గడియారం చూస్తాడు. మీటరుగేజి రోజుల్లో దొనకొండలో బండి కోసం కూర్చున్నవారికి ఈ పాఠం వేరే చెప్పనక్కర్లేదు.

కాని ఆ స్టేషనుకు ఆలస్యంగానైనా బండి వస్తుంది. మనకో? మన రాష్ట్రంలో రిటైర్మెంటు వయసు 1983లో 58 నుంచి 55కి దించారు, తర్వాత మళ్ళీ 58 చేశారు, 2014లో 60, 2022లో 62 చేశారు. ఎప్పుడు దిగినా ప్లాట్‌ఫారం ఒకటే.

నా సంగతే చెబుతాను. గుమాస్తాగా చేరి, 34 ఏళ్ళ తర్వాత సూపరింటెండెంటుగా దిగాను. రిటైరయ్యాక కూడా పదింటికల్లా ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. మొదటి వారం లేచి కుర్చీ వేశారు, టీ తెప్పించారు. రెండో వారం "కూర్చోండి సార్" అని ఫైలు చూసుకున్నారు. మూడో వారం ఫైలులోంచి తలెత్తలేదు. వారి తప్పు లేదు. సర్వీసులో ఉండగా నేనూ పాతవారికి చేసింది అదే.

ఇంట్లో పడ్డాను. చదివిన పేపరే మళ్ళీ చదవడం, టీవీ, సెల్‌ఫోను. మార్చిలో ఏడాది కారానికి ఎండుమిరపకాయలు తెచ్చాం. మా ఆవిడ వరండాలో గోనెపట్టా పరిచి తొడిమలు తీస్తోంది. "ఏమీ తోచడం లేదే" అన్నాను. "అయితే కూర్చుని నాలుగు తొడిమలు తీయండి" అంది. కూర్చున్నాను. చేతులు మండాయి. కాసేపటికి తలెత్తకుండానే అంది: "ఇన్నేళ్ళూ మీరెప్పుడొస్తారా అని గుమ్మంలో కూర్చున్నా. నాకు పొద్దెలా పోయిందో ఒక్కనాడైనా అడిగారా?"

నా దగ్గర జవాబు లేదు. మిరప ఘాటు వంక పెట్టి కళ్ళు తుడుచుకున్నాను. 34 ఏళ్ళు స్టేషనులో కూర్చున్నది ఆవిడ. నేను ఆలస్యంగా వచ్చిన బండిని మాత్రమే.

అప్పుడర్థమైంది, విసుగు పని లేనందువల్లే రాదని. చేలో పత్తి తీసే ఆడవాళ్ళకూ, కల్లంలో తాలుకాయలు ఏరే ఆడవాళ్ళకూ పొద్దస్తమానం ఒకటే పని. వారికి విసుగు లేదని నేననను. నడుం నొప్పి ఉంది, చాలని కూలి ఉంది. కాని పక్కన మనిషి ఉంది, మాట ఉంది. మన గుంటూరు జిల్లావారు ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1922లో జైల్లో ఉండి 'మాలపల్లి' రాశారు. మనిషి గోడల మధ్య ఉన్నా మనసు ఊరి జనం మధ్య ఉంది. మనకు గోడలు లేవు, కాని మనసు ఎవరి మధ్యా లేదు. తేడా అక్కడుంది.

చివరగా ఒక్క మనవి. ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చి, బతికే ఉన్నామని ట్రెజరీకి చెప్పుకుంటాం. మన సంఘంలో కుటుంబ పెన్షనుతో ఒంటరిగా ఉన్న సోదరీమణులున్నారు, మంచం దిగలేని పెద్దలున్నారు. ట్రెజరీ తప్ప వారిని అడిగేవారు లేరు. వారానికి ఒక గంట వెళ్ళి వారి వరండాలో కూర్చుందాం. "పొద్దెలా పోతోందండీ?" అని అడుగుదాం. జవాబు చివరిదాకా విందాం. అంతకంటే ముందు, ఈ సభ ముగిసి ఇంటికి వెళ్ళగానే, మన ఇంట్లోనే ఆ ప్రశ్న అడుగుదాం.

ఇంతసేపూ మీకు బోరు కొట్టించి ఉంటే మన్నించండి. సెలవు.