టెరిలీను పోగు, వేడిమి, వెలుగు

1941లో ఇంగ్లండునందు విన్‌ఫీల్డు, డిక్సను అను రసాయనవేత్తలు కనుగొనగా టెరిలీను అను పేరుతో ప్రసిద్ధమైన పాలియెస్టరు పోగును, సూక్ష్మదర్శినిలో అడ్డముగా నమర్చిన రెండు ధ్రువణ ఫలకముల నడుమ నుంచి చూచినచో, ఆ సన్నని దారము నానావర్ణములతో వెలుగుట కన్నులపండువుగా నుండును.

పోగును సాగదీసినపుడు దీర్ఘాణువులు పొడవువెంబడి బారులు తీరుటచే, ఆ దిశయందు కంపించు కాంతికి వక్రీభవన గుణకము సుమారు 1.7 కాగా, అడ్డముగా కంపించు కాంతికి 1.54 ప్రాంతమున నుండును. ఈ భేదమే ద్వివక్రీభవనము; పైని చెప్పిన వర్ణములకు మూలమిదియే.

ఇట్టి పోగును 200 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమున కాచినచో నేమగును? కొనలు బిగించి కాచిరా, అణువులు వరుస చెడక స్ఫటికములుగా కుదురుకొని, సాంద్రతతోపాటు సగటు వక్రీభవన గుణకమును హెచ్చును. వదులుగా విడిచి కాచిరా, స్ఫటికములు పెరుగుచున్నను, క్రమములేని భాగములందలి అణువులు ముడుచుకొనుటచే పోగు కుంచించుకొనిపోయి, ద్వివక్రీభవనము తగ్గుటయు కలదు. ఒకే వేడిమి ఇట్లు వేర్వేరు ఫలములనిచ్చుట నాకు మిక్కిలి వింతగా తోచును. ఇక సాగదీయని పోగు సంగతి: పారదర్శకమైన యది సుమారు 120 డిగ్రీలు దాటగనే, లోపల పుట్టిన స్ఫటిక గోళములు వెలుగును చెదరగొట్టగా, తెల్లబడిపోవును.

అద్దకపువారికిది కేవలము శాస్త్రవినోదము కాదు. కాకయందు హెచ్చుతగ్గులున్నచో, పోగు లోపలి అమరిక తావుతావునకు మారుటచే, రంగు ఒకే తానునందు చారలుచారలుగా పట్టును.