వీణాపోటీకి కార్యక్రమము కూర్చుట



పోటీలో 20 నిమిషముల గడువు లభింపగానే మన విద్యార్థులు తమకు వచ్చిన కృతులలో మిక్కిలి కఠినమైనదాని నెన్నుకొందురు. ఒక్కనాటి బహుమతికై శక్తికి మించినదానిని నెలలతరబడి సాధించి, నేర్చిన తక్కిన పాఠమును మఱతురు. ఇది విద్యకు చేటు.

పరీక్షకులు ముందుగా వినునది శ్రుతి. వీణకు వాయించు తంత్రులు 4, తాళతంత్రులు 3. ఈ ఏడును కలియకున్న ఎంతటి కృతియు రాణింపదు. కావున 2 నిమిషములు శ్రుతికే విడువవలెను. పిదప చేయి కుదురుటకు ఆదితాళమున మోహనవర్ణము 4 నిమిషములు. మాయామాళవగౌళలో త్యాగరాజస్వామివారి 'తులసీదళములచే', రూపకతాళమున, 4 నిమిషములు. మిగిలిన 10 ఖరహరప్రియవి: ఆలాపన 2, తానము 2, 'చక్కని రాజమార్గము' 6.

ఈ కూర్పునకు కారణ మున్నది. మోహనమున మధ్యమ నిషాదములు లేవు. మాయామాళవగౌళ ఋషభ ధైవతములు శుద్ధములు. ఖరహరప్రియ గాంధారము సాధారణము. ఒక రాగఛాయ మఱియొకదానిపై పడదు. శంకరాభరణము వెంటనే దాని జన్యమగు బిలహరిని వాయించినచో ఈ సౌకర్యము లేదు.

వీణకు నోరు లేదు. సాహిత్యము మీటులోనే పలుకవలెను. 'రాజ' అనుచో దీర్ఘము నడుమ మరల మీటినచో పదము విఱుగును. కావున ప్రతికృతిని ముందు పాడి, ఆపై వాయింపుడు. పాడలేనిదానిని పట్టికనుండి తొలగింపుడు. అట్లు సాధించిన కృతి, బహుమతి రాకున్నను, మీ సొత్తై నిలుచును.