చలికి ఒళ్లు చల్లబడితే ఏం చేయాలి?

మీవాళ్లు వార్డులో ఉండగా మీ మనసంతా అక్కడే ఉంటుందని నాకు తెలుసు. కొద్దిసేపే మాట్లాడుతాను.

మీలో కొందరు జగిత్యాల, పెద్దపల్లి వైపు నుండి, కొందరు ఉట్నూరు, ఇంద్రవెల్లి, తిర్యాణి వైపు నుండి వచ్చినవారు. డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాద్ ఏజెన్సీ గ్రామాల్లో తెల్లవారుజామున చలి 10 డిగ్రీల కంటే కిందికి, కొన్ని రోజులు 5 డిగ్రీల దాకా దిగుతుంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరిగేది కూడా ఈ చలిలోనే.

చలికి వేళ్లలోని కండ గడ్డకట్టి చచ్చిపోవడాన్ని ఫ్రాస్ట్‌బైట్ అంటారు. దానికి సున్నా డిగ్రీల కంటే తక్కువ చలి ఉండాలి. సియాచిన్‌లో కాపలా కాసే జవానులకు, కెనడాలో చదువుతున్న మన పిల్లలకు ఆ భయం ఉంది. మన ఊళ్లలో అంత చలి ఉండదు. అయితే మనిషి ప్రాణం పోవడానికి కండ గడ్డకట్టనక్కరలేదు. ఒంటి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే చాలు. ఈ ప్రమాదం అందరికంటే ముందు పసిబిడ్డలకు, తర్వాత ముసలివాళ్లకు.

అప్పుడే పుట్టిన బిడ్డకు వణకడం చేతకాదు. చలి వేస్తున్నదని గట్టిగా ఏడవనూ లేదు. మెత్తగా పడుకుంటుంది, పాలు తాగదు. "బిడ్డ బుద్ధిగా నిద్రపోతున్నది" అని ఇంట్లోవాళ్లు సంతోషపడతారు. అలా అనుకోకుండా మీ అరచేతి వెనుక భాగంతో బిడ్డ పొట్టను, పాదాలను తాకి చూడండి. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే బిడ్డకు చలి పట్టింది. రెండూ చల్లగా ఉంటే అది అపాయం. వెంటనే బిడ్డ తడిబట్టలు తీసివేసి, తలకు టోపీ పెట్టి, తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, ఇద్దరికీ కలిపి చెద్దరు కప్పండి. అలాగే ఆసుపత్రికి తీసుకురండి. తల్లికి బాగాలేకపోతే నాన్నగాని అమ్మమ్మగాని ఒంటికి హత్తుకోవచ్చు. పుట్టిన మొదటి 24 గంటలు స్నానం వద్దు. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకైతే డాక్టరు చెప్పేదాకా తొందరపడకండి. నానమ్మలు ఈ మాటకు ఒప్పుకోరు, తెలుసు. నా పేరు చెప్పండి.

ముసలివాళ్ల సంగతి. వణుకు ఆగిపోతే చలి తగ్గిందని కాదు. మాట ముద్దగా వస్తూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, మగతగా ఉంటే ఒళ్లు చల్లబడుతున్నట్టే. పక్షవాతంలో కూడా మాట ముద్దవుతుంది కనుక ఏదైనా సరే 108కి ఫోను చేయాలి. ఈలోగా పొడిబట్టలు తొడిగి, తలతో సహా గొంగడి కప్పండి. పూర్తి తెలివిలో ఉంటేనే వేడి చాయ్ తాగించండి. చేతులు, కాళ్లు గట్టిగా రుద్దవద్దు.

ఇప్పసారా తాగితే వేడి పుడుతుందని చాలామంది నమ్మకం. సారాతో చర్మం కింది నరాల్లోకి రక్తం ఎక్కువగా వస్తుంది. అందుకే వెచ్చగా అనిపిస్తుంది. ఆ వేడంతా బయటికి పోతుంది, లోపల ఒళ్లు చల్లబడుతుంది.

ఇక కుంపటి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకోకండి. దాని నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. పడుకున్నవాళ్లు నిద్రలోనే పోతారు. షుగరు వ్యాధి ఉన్నవాళ్లు చలిమంట దగ్గర కాళ్లు కాచుకోవడం కూడా ప్రమాదమే. కాళ్లకు స్పర్శ తగ్గి ఉంటుంది కనుక కాలినా తెలియదు. ఆ పుండు కాలు తీసేదాకా తీసుకుపోతుంది. వాళ్లకు మేజోళ్లు తొడగండి.

క్రిస్మస్ రాత్రి, డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు చంటిబిడ్డలను ఎత్తుకొని వస్తుంటారు. బాలింతలు ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటే దేవుడు వినడా?

విదేశాల్లో పిల్లలున్నవారు ఇది ఫోనులో చెప్పండి. వేళ్లు తెల్లబడి, మొద్దుబారితే మంచుతో రుద్దకూడదు, మంటకు పెట్టకూడదు. లోపలికి వెళ్లి, 37 నుండి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో ఉంచి, డాక్టరుకు చూపించాలి. మళ్లీ చలిలోకి పోవాల్సి ఉంటే మాత్రం వేడి చేయకూడదు.

చివరగా మీ గురించి. రాత్రి వరండాలో గచ్చు మీద పడుకునేటప్పుడు ఉన్న రెండు చెద్దర్లూ పైన కప్పుకోకండి. ఒకటి కింద వేసుకోండి. దాని కింద పాత పేపర్లు పరిస్తే ఇంకా మంచిది.