పదకొండవ ఇన్నింగ్సు

గెలిచినవారి కథలు లోకమున తరచుగా వినవచ్చుచునే యుండును. నేడు మేము ఓడినవారి కథ నొకదానిని విన్నవింపదలచితిమి. అది అమెరికా దేశపు బేస్‌బాల్ ఆటకు సంబంధించినది. 1870 జూన్ 14వ తేదీన బ్రూక్లిన్ నగరమున కాపిటోలైన్ మైదానములో జరిగినది.

క్రికెట్టు నెరిగిన మనకు ఈ ఆట బొత్తిగా క్రొత్త కాదు. ఇందును బంతి విసరువాడు, బ్యాటు పట్టువాడు కలరు. బ్యాటు పట్టినవాడు చదరముగా అమర్చిన నాలుగు స్థానములను చుట్టి వచ్చినచో ఒక పరుగు. ముగ్గురు అవుటైనచో ఆ పక్షము వంతు ముగియును. ఇట్లు ఇరుపక్షములకును తొమ్మిదేసి ఇన్నింగ్సులు. ఆ దినములలో బంతిని చేయి పైకెత్తక క్రిందినుండియే విసరవలెను. బంతిని పట్టువారికి చేతితొడుగులును లేవు.

సిన్సినాటి నగరపు రెడ్ స్టాకింగ్స్ జట్టు 1869లో తన ఆటగాండ్రందరికిని బాహాటముగా జీతము లిచ్చిన తొలి జట్టు. దాని నాయకుడు హారీ రైట్ ఇంగ్లండులోని షెఫీల్డున జన్మించినవాడు. మొదట క్రికెట్టు ఆటగాడు. ఆతని తమ్ముడు జార్జి రైట్‌కు ఆ యేటి జీతము 1,400 డాలర్లు. ఆ సంవత్సరము వారు శాన్ ఫ్రాన్సిస్కో వరకు పోయి ఆడియు ఒక్క ఆటయైనను ఓడలేదు.

ఇట్టి కీర్తితో వారు బ్రూక్లిన్‌లో అట్లాంటిక్స్ జట్టు నెదుర్కొనిరి. తొమ్మిది ఇన్నింగ్సులు ముగియునప్పటికి ఇరువురికిని ఐదేసి పరుగులు. అట్లాంటిక్స్ నాయకుడు ఫెర్గుసన్ ఆటను సమముగా ముగించుటకు సిద్ధపడెను. అతని ఆటగాండ్రు మైదానము వీడుచుండిరి. జనము లోపలికి వచ్చిరి. కాని నాయకు లిరువురును సమ్మతించినగాని ఆట సమముగా ముగియరాదని నియమము. హారీ రైట్ సమ్మతింపలేదు. నియమముల నెరిగిన పత్రికారచయిత హెన్రీ చాడ్విక్ కూడ రైట్ మాటయే సరియనెను. ‘సరే’ యని యొక్క మాట యనియున్నచో, ఓటమి నెరుగనివారను పేరు ఆ దినమునకు చెక్కుచెదరక నిలిచెడిది.

ఆట సాగినది. పదియవ ఇన్నింగ్సులో జార్జి రైట్ చేతికందిన బంతిని కావలెనని జారవిడిచి, ఒక్క దెబ్బకు ఇరువురిని అవుట్ చేయించెను. పదకొండవ దానిలో సిన్సినాటివారు రెండు పరుగులు తీసిరి. గెలుపు చేతికి వచ్చినట్లే తోచెను. పిమ్మట అట్లాంటిక్స్ వంతు. స్టార్ట్ కొట్టిన బంతి కుడివైపు జనములో పడెను; మెక్‌వే దానిని తీసి విసరులోపల ఒక పరుగు వచ్చెను. జార్జి రైట్ నిలిచిన వైపునకు బంతి పోకుండుటకై ఫెర్గుసన్ ఎడమచేతివాటమున నిలిచి కొట్టి, మరియొక పరుగు తెచ్చి సమము చేసెను. తరువాత జెట్లైన్ కొట్టిన బంతిని గూల్డ్ సరిగా పట్టలేకపోయెను. విసరినది గురి తప్పెను. ఫెర్గుసన్ పరుగెత్తి వచ్చెను. అట్లాంటిక్స్ ఎనిమిది, సిన్సినాటి ఏడు.

ఆ యేడు ముగియకముందే సిన్సినాటి సంఘమువారు జీతపు ఆటగాండ్రను ఇక పెట్టుకొనమనిరి. హారీ రైట్ కొందరితో బోస్టనుకు పోయి, 1872 మొదలు 1875 వరకు వరుసగా నాలుగేండ్లు తన జట్టును విజేతగా నిలిపెను.

జీతమునకు ఆడువానికి ఆటపై గౌరవముండునా యని సందేహించువా రా కాలమున అనేకులు. దానికి హారీ రైట్ మాటలతో బదులీయలేదు. దాచుకొనదగిన కీర్తిని పణముగా నొడ్డి, ఆటను తుదముట్ట నాడెను. ఆ యోటమిని నేటికిని జనులు స్మరించుటకు కారణ మిదియేయని మేము తలంతుము.