నిలిచినంతనే తడబడు తెలివి



మనవారు కంపవాతమను వ్యాధిని 1817లో లండను వైద్యుడు జేమ్సు పార్కిన్సన్ వర్ణించెను. వణుకు అందఱకును కనబడును. రక్తపోటు పడిపోవుట కనబడదు. లేచి నిలిచినపుడు నెత్తురు కాళ్లవైపు దిగును. నరములు వెంటనే రక్తనాళములను బిగించి మెదడునకు అందింపవలెను. ఈ వ్యాధి కొందఱిలో ఆ నరములను దెబ్బతీయును. అపుడు పోటు తగ్గి మాట తడబడును, ఆలోచన మందగించును; పడుకొనిన పిదప తేటపడవచ్చును.

కావున నారాయణపేట మగ్గపుగుంటనుండి లేచిన నేతవృద్ధుడు పోగుల లెక్క మఱచినచో, మతి చెడినదని తీర్పు చెప్పరాదు. పడుకొన్నపుడును, నిలిచిన 3 నిమిషములలోపలను పోటు కొలిపింపుడు. పై అంకె 20 గాని, క్రింది అంకె 10 గాని తగ్గినచో వైద్యునికి తెలుపుడు. మందు సొంతముగా మానరాదు. పెద్దల తెలివిని కొలుచుటకు ముందు వారి రక్తపోటును కొలువవలెను.